టీచరమ్మ హాజరు పిలిచే పద్ధతి

మా సంస్కృతం టీచరమ్మ పోయారని మంగళవారం ఫోను వచ్చింది. చేసింది ఆవిడ భర్త. క్లాసు పుస్తకంలో ఉన్న వరసలోనే మా తొమ్మిదిమందిలో ఒక్కొక్కరికీ ఫోను చేశారట. "మా ఇంటామె పొద్దున్నే పోయిందమ్మా. గురువారం పాఠం ఉండదు" అన్నారు.

డెబ్బై నాలుగేళ్లలో ఏ మాటకూ జవాబు వెతుక్కోని దాన్ని, ఎన్ని గంటలకి రావాలో కూడా అడక్కుండా ఫోను పెట్టేశాను. ఆవిడకి నేను ఒక సంగతి చెప్పాల్సి ఉంది. ఆ గురువారం చెబుదామనే అనుకున్నాను.

ఆవిడది ఆనేకల్‌లో నేతపనివాళ్ల ఇల్లు. నాన్న మగ్గం పక్కన కూర్చుని సంస్కృతం వల్లె వేసిన పిల్ల. బడిలో అదే చెప్పి రిటైరై, బొమ్మనహళ్ళిలో ఉండేవారు. మూడేళ్లుగా గురువారం గురువారం బస్సెక్కి, ఎలక్ట్రానిక్ సిటీ పక్కనున్న మా అపార్ట్‌మెంట్‌కి వచ్చి, కింద క్లబ్బు గదిలో మాకు పాఠం చెప్పేవారు. మేమంటే, పిల్లల ఉద్యోగాల వెనక సామాను లాగా ఈ ఊరు చేరిన అమ్మమ్మలం, నాయనమ్మలం. నేను గుంటూరులో ముప్పయ్యేళ్లు కాలేజీలో చరిత్ర చెప్పి వచ్చాను. "ఉండాది", "ఉండాడు" అనే మనిషి నాకు సంస్కృతం ఏం నేర్పుతుందిలే అని మొదటిరోజు వెనక బెంచీలో కూర్చున్నాను. నెల తిరక్కుండా ముందు బెంచీకి మారాను. ఎందుకు మారానో ఆవిడ అడగలేదు. వేరేవాళ్లయితే అడిగేవాళ్లు. నేనయితే తప్పకుండా అడిగేదాన్ని.

ఆవిడ హాజరు పిలవడంలో ఒక పద్ధతి ఉండేది. పేరు పిలిస్తే వచ్చానని చెప్పకూడదు. ఆ వారంలో ఎవరినైనా మాటతో నొప్పించి ఉంటే అది చెప్పాలి. నొప్పించకపోతే ఎవరూ లేరని చెప్పాలి. అదే హాజరు. ఆవిడ మెచ్చుకోరు, మందలించరు. తల ఊపి తరువాతి పేరు పిలుస్తారు. రెండో అంతస్తు నాయనమ్మ ఒకసారి కోడలి సంగతి చెప్పి బోరున ఏడ్చింది. అప్పుడూ అంతే, తల ఊపడమే. నా వంతు వస్తే నేను, "ఈ వారం లిఫ్టును తిట్టానండీ. అది పట్టించుకోలేదు" అనేదాన్ని. గది ఘొల్లుమనేది. నాకు కావలసిందీ అదే.

ఈ పద్ధతంతా ఆవిడ మాకు నేర్పిన మొదటి మాటలోంచి వచ్చింది. ఆనృశంస్యం. అర్థం రాసుకు రమ్మంటే నేను "దయ" అని రాశాను. ఆవిడ తప్పుకి అడ్డగీత కొట్టేవారు కాదు. పక్కన పెన్సిలుతో చిన్న చుక్క పెట్టేవారు, మన కళ్లకి తప్ప ఎవరికీ కనిపించనంత చిన్నది. నా దయ పక్కన ఆ చుక్క పడింది.

"దయ చూపేది సులభమప్పా," అన్నారు. "మనం పైన ఉంటాము, వాళ్లు కింద ఉంటారు. ఇది అట్ల కాదు. మన చెయ్యి, మన నోరు ఇంకో మనిషికి తగలకుండా చూసుకునేది. మనిషితనమంటే అంతే."

నాకు నచ్చలేదు. ఏదో ఘనకార్యం చేయడం మనిషితనం అవుతుంది గానీ, ఊరికే ఉండటం ఎలా అవుతుందన్నాను. "ఆ లెక్కన రాయి మహా మానవురాలు, ఎవర్నీ ఏమీ అనదు" అన్నాను.

"రాయికి నోరు లేదు కదమ్మా," అన్నారు. "మీకు ఉండాది."

ఆ రోజు నవ్వు ఆవిడ పక్కకి పోయింది. నేనూ నవ్వాను. ఇంటికొచ్చి ఆ మాట మా అమ్మాయికి రెండుసార్లు చెప్పాను.

అదే మాటని ఈమధ్య ఒక గురువారం ఆవిడ మళ్లీ మొదలుపెట్టారు. అంతకుముందు రెండు వారాలూ చెప్పిందీ అదే పాఠం. సగంలో ఆగిపోయారు. బోర్డు మీద సుద్దముక్క ఆనించి, ఆ తరువాతి మాట కోసం గోడకేసి చూస్తున్నారు. ఎవరైనా నెమ్మదిగా అందిస్తే అయిపోయేది. ముందు బెంచీలో ఉన్నది నేనే. ఆ మాట నాకు తెలుసు కూడా.

"టీచరమ్మా, మగ్గం మీద నూలు తెగినట్టుంది. మీరు ముడి వేసుకోండి, మేం ఈలోగా కాఫీ తాగి వస్తాం," అన్నాను.

అందరూ నవ్వారు. ఆవిడా కొంచెం నవ్వి, సుద్దముక్క డబ్బాలో పెట్టి, "ఈ పొద్దుకి చాలప్పా" అని సంచీ తీసుకున్నారు.

భోజనాల దగ్గర ఈ చమత్కారం ఇంట్లో చెప్పాను. మా మనవరాలు నవ్వలేదు. "ఆవిడ కూడా నవ్వారా అమ్మమ్మా?" అంది. నవ్వారని చెప్పాను. ఆవిడ మరుపునీ, ఆవిడ పుట్టిన ఇంటినీ ఒకే దెబ్బకి కొట్టానని అప్పటికి తెలిసింది.

తరువాతి గురువారం నా పేరు పిలిచారు. కొత్త వంటగ్యాసు స్టవ్వును తిట్టానన్నాను. ఆ పై గురువారం పిలిచారు. ఎవరూ లేరన్నాను. ఆ రెండుసార్లూ ఆవిడ తల ఊపడానికి ముందు కాసేపు ఆగారు. ఎదురుచూశారో, నా తరువాతి పేరే గుర్తు రాలేదో, నేనిక ఎవరిని అడగను? మూడో గురువారం అందరిముందూ చెప్పేద్దామని నిశ్చయించుకున్నాను. ఈలోగా మంగళవారం వచ్చింది.

ఆ రోజు బొమ్మనహళ్ళిలో వాళ్ల సందులోకి నేను చేరేసరికి మధ్యాహ్నం మూడైంది. కార్యక్రమమంతా అయిపోయిందట. చూడటానికి కూడా ఆవిడ లేరు. ఇంటిముందు నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, పక్కింటివాళ్లు తెచ్చిన మజ్జిగ బిందె ఉన్నాయి. పేరు చెప్పగానే ఆవిడ భర్త నన్ను గుర్తుపట్టి, ఒక కుర్చీ చూరు నీడలో వేసి కూర్చోబెట్టారు. ఆవిడకి ఏడాదిగా మాటలు జారిపోతున్నాయనీ, డాక్టరు మానమన్నా క్లాసు మానలేదనీ చెప్పారు. అది విన్నాక నాలో దాచుకునే శక్తి లేకపోయింది. మగ్గం మాటతో సహా, నవ్వులతో సహా మొత్తం చెప్పాను. అలా చెప్పడం నాకు అదే మొదలు.

ఆయన గ్లాసులో మజ్జిగ పోసి నా చేతికిచ్చారు.

"ఇంటికొచ్చి క్లాసు సంగతులన్నీ చెబుతా ఉండేదమ్మా," అన్నారు. "ఇది చెప్పలేదు. ఆ పొద్దు పిల్లోళ్లంతా బాగా నవ్వినారు అనింది, అంతే."

మేం తొమ్మిదిమందిమీ ఆవిడ లెక్కలో పిల్లోళ్లమట.

నేను కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాను. ఆయన ఓదార్చలేదు, లేచి పొమ్మనీ అనలేదు. ఎండ వాలుతున్నకొద్దీ నీడ గోడవైపు జరుగుతోంది. అది నా కాళ్లు దాటినప్పుడల్లా ఆయన తన కుర్చీలోంచి లేచి వచ్చి, నేను కూర్చునుండగానే నా కుర్చీని కాస్త వెనక్కి లాగి, మళ్లీ వెళ్లి ఎండలో కూర్చుంటున్నారు.