చిటికి ఎవరి పిల్ల?

నళిని టీచర్ మాకు డ్రాయింగ్ చెప్పేది. నాంపల్లి స్టేషన్‌కు దగ్గరలో ఒక సందులో ఉండేది మా ఆడపిల్లల బడి. వేరే టీచర్ ఎవరైనా రాని రోజు ఆ క్లాసుకు ఆమెనే పంపేవాళ్లు. నలభై మంది పిల్లలను బెత్తం లేకుండా కూర్చోబెట్టగలిగేది. ఆమె దగ్గర ఒక కథ ఉండేది.

కథలో పదేళ్ల పిల్ల, పేరు చిటికి. తల్లి పేరుమోసిన మంత్రగత్తె. పిల్లకు మాత్రం ఒక్క మంత్రమూ కుదరదు. వాన కోసం చిటికె వేస్తే ఎండుమిరపకాయలు రాలేవి. స్టేషన్‌లో కూలీ నెత్తి మీది పెట్టె మేకపిల్లయి అరిచేది. చిటికి చాటలో కూర్చుని అబిడ్స్ పోస్టాఫీసు మీదుగా ఎగిరేది. టీచర్ చెబుతూనే సుద్దముక్కతో బోర్డు మీద అదంతా గీసేది. గంట కొట్టినా మేం లేచేవాళ్లం కాదు. 1962లో నేను ఐదో తరగతి. ఆ ఏడాది చదివిన పాఠం ఒక్కటీ గుర్తు లేదు, చిటికి గుర్తుంది.

టీచర్ తండ్రి శ్యామ్‌సుందర్ గారు సుల్తాన్ బజార్‌లో ఒక బట్టల దుకాణంలో పనిచేసేవారు. తల్లి చిన్నప్పుడే పోయింది. తండ్రికి వండిపెట్టడానికి ఇంకెవరూ లేరని టీచర్ పెళ్లి మాట ఎత్తనిచ్చేది కాదు. చదువంతా ఉర్దూలో సాగింది. అందుకే తెలుగు ఎంత ధారాళంగా మాట్లాడినా, రాయమంటే చేయి ఆగిపోయేది. ఒత్తు ఎక్కడ పెట్టాలో, దీర్ఘం ఎక్కడ తీయాలో అని బెదురు.

ఎవరినీ త్వరగా నమ్మే మనిషి కాదు. ఉత్తరం పోస్టు డబ్బాలో వేశాక, అది కిందికి పడిందో లేదో అని వేళ్లు దూర్చి చూసేది. రంగుల సీసాల మీద ఎంతవరకు ఉందో పెన్సిల్‌తో గీత పెట్టుకునేది. మేం "బాగుంది టీచర్" అంటే కూడా మా మొహాల్లోకి కాసేపు చూసేది, ఆటపట్టిస్తున్నామేమోనని.

అలాంటి ఆమె శేషారత్నం టీచర్‌ను నమ్మింది. శేషారత్నం గారు మా తెలుగు టీచర్. రాష్ట్రం ఏర్పడ్డాక భర్త గోపాలరావు గారికి హైదరాబాదులో సర్కారు ఉద్యోగం రావడంతో గుడివాడ నుంచి వచ్చారు. నళిని టీచర్ ఇంటికి రెండిళ్ల అవతలే కిరాయికి ఉండేవారు. సాయంత్రాలు ఇద్దరూ కలిసి అబిడ్స్ దాకా నడిచేవాళ్లు. దారిలో నళిని టీచర్ చిటికి సంగతులు చెబితే, ఈమె ఇంటికి వెళ్లి నోటుబుక్కులో రాసేవారు.

"ఇంత మంచి కథ గాలికి పోతుంటే ఎలాగమ్మా? నువ్వు చెప్పు, నేను రాసి ఉంచుతాను" అన్నారట ఆమె.

"నా పేరు పోదు గద అక్కా?" అని నళిని టీచర్ అప్పుడే అడిగిందట.

"నీ పిల్లకి నీ పేరు కాక ఇంకెవరి పేరు పెడతాను?"

1969లో ప్రత్యేక తెలంగాణ ఉద్యమం వచ్చింది. బడులు నెలల తరబడి మూతపడ్డాయి. అంతకుముందు ఒకే బల్ల చుట్టూ అన్నం డబ్బాలు విప్పే టీచర్లు రెండు బల్లలయ్యారు. "గాళ్లను నమ్మకు" అని నళిని టీచర్‌కు ఒకరు చెప్పేవారు. "వాళ్లతో జాగ్రత్త" అని శేషారత్నం గారికి ఇంకొకరు చెప్పేవారు. జూన్‌లో ఒక రోజు వాళ్లిద్దరి ఇళ్లున్న సందులో రాళ్లు పడ్డాయి. తర్వాత రెండు రోజులకు శేషారత్నం గారింటికి తాళం కనిపించింది. చెప్పా పెట్టకుండా విజయవాడ వెళ్లిపోయారు. నోటుబుక్కు కూడా వాళ్ల సామానుతోనే పోయింది.

రెండేళ్ల తర్వాత, ఒక ఆదివారం, అబిడ్స్ పేవ్‌మెంటు మీద పాత పుస్తకాలు తిరగేస్తుంటే నళిని టీచర్‌కు ఒక పిల్లల పుస్తకం దొరికింది. 'చిటికి మంత్రాలు'. కింద 'రచన: శేషారత్నం' అని ఉంది. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా అక్కడే నిలబడి వెతికింది. తన పేరు ఎక్కడా లేదు. బొమ్మలు ఎవరో వేశారు, చాటకు బదులు చీపురు. చిటికి కృష్ణా జిల్లా మాట మాట్లాడుతోంది.

ఆ రోజు నుంచి ఆమె క్లాసులో కథ చెప్పడం మానేసింది. పాత రోజులన్నీ తిరగేసి చూసుకోవడం మొదలుపెట్టింది. 'అబిడ్స్ దాకా నాతో నడిచింది స్నేహం కోసమా, కథ కోసమా? నాకు జ్వరం వచ్చినప్పుడు చారు పెట్టి తెచ్చింది ఎందుకు?' అని. ఆఖరికి నన్నూ వదల్లేదు. 1974లో నేను అదే బడిలో టీచర్‌గా చేరిన మొదటి వారం, మెట్ల దగ్గర ఆపి అడిగింది:

"పద్మా, నిజం చెప్పు. గా నోటుబుక్కు సంగతి నీకు మొదట్నుంచే తెలుసా?"

"నాకెట్ల తెలుస్తది టీచర్? నేను అప్పుడు చిన్నపిల్లను గద!"

"చిన్నపిల్లలకే అన్నీ తెలుస్తయి" అని వెళ్లిపోయింది.

ఆ ఏడాదే గోడల మీద పోస్టర్లు వెలిశాయి. చిటికి సినిమా అయింది. అబిడ్స్‌లో ఒక టాకీసులో పిల్లల కోసం ఉదయం ఆటలు వేశారు. బడి మొత్తాన్ని తీసుకుపొమ్మని పెద్ద టీచర్ ఆర్డరు వేసింది. రానంటుందేమో అనుకున్నాను గానీ, నళిని టీచర్ అందరికంటే ముందు తయారైంది. చేతిలో పెన్సిలు, చిన్న పుస్తకం. చీకట్లో నా పక్కన కూర్చుని, తెర మీద తన కథ వచ్చినప్పుడల్లా ఒక గీత గీసుకుంది.

మిరపకాయల వాన కురిసింది, గీత. మేకపిల్ల అరిచింది, గీత. తర్వాత తెర మీదికి, టీచర్ కథలో ఎన్నడూ లేని, చిటికి పిన్ని వచ్చింది. బొమ్మలు గీసే పిన్ని, ప్రతిదాన్నీ అనుమానించే పిన్ని, మన యాసలో "ఏంది? ఎవల్ని నమ్మాలె?" అని కళ్లు తిప్పే పిన్ని. టాకీసంతా పగలబడి నవ్వింది. మా పిల్లలూ నవ్వారు. నాకూ నవ్వు వచ్చి, పక్కకు చూసి ఆపుకున్నాను. నళిని టీచర్ పెన్సిలు కదలలేదు.

మరునాడు నన్ను ఇంటికి పిలిచింది. "నేను చెప్త, నువ్వు రాయి. ఒక్క తప్పు ఉండొద్దు."

"పుస్తకంల భాషల రాయాల్నా టీచర్?"

"వద్దు. నేనెట్లంటే గట్లనే."

రాశాను. 'చిటికి నా పిల్ల. మీరు ఎత్తుకపోయిన్రు. నన్ను నలుగుర్ల నవ్వులపాలు చేసిన్రు. జవాబు ఇయ్యున్రి.' శేషారత్నం గారి పేరున, పుస్తకం వేసినవాళ్ల అడ్రసుకు రిజిస్టర్ చేశాం. వారం తిరగకుండా ఆమె దగ్గర నుంచి కార్డు వచ్చింది: ఆదివారం ఉదయం రైలుకు వస్తున్నాను, నాంపల్లిలో దిగుతాను.

"సాక్షి ఉండాలె" అని నన్నూ స్టేషన్‌కు తీసుకుపోయింది.

శేషారత్నం గారు సగం నెరిసిన జుట్టుతో దిగారు. గోపాలరావు గారు పోయి మూడేళ్లయిందని అప్పుడే తెలిసింది. ప్లాట్‌ఫారం మీద బెంచీకి ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు కూర్చున్నారు.

"ఎందుకు గట్ల చేసిన్రు శేషారత్నం గారూ?" అంది నళిని టీచర్. 'అక్కా' అనలేదు.

"కోపంతో చేశాను. తెలిసే తీసేశాను నీ పేరు" అన్నారామె. "రాళ్లు పడ్డ సాయంత్రం ఆయన నుదురు చిట్లి రక్తం కారుతుంటే నీ తలుపు కొట్టాను. లోపల దీపం వెలుగుతోంది. నువ్వు తియ్యలేదు. రాళ్లు వేసినవాళ్లకి మా ఇల్లు చూపించింది కూడా నువ్వేనని ఎవరో అన్నారు. నమ్మాను."

"నేను ఇంట్ల లేను" అంది నళిని టీచర్. "బాపుకు ఛాతీల నొప్పి లేస్తే రిక్షాల ఏసుకొని అఫ్జల్‌గంజ్ దవాఖానకు ఉరికిన. దీపం సుత ఆర్పలె. రెండు రోజులు గాడనే ఉన్న. వచ్చేసరికి మీ ఇంటికి తాళం."

శేషారత్నం గారి చేతిలోంచి సంచీ జారింది. నేను వంగి తీశాను.

"ఒక్క ఉత్తరం రాసి అడగాల్సింది నేను" అన్నారు. "అయిదేళ్లు నిన్ను ఎన్ని మాటలనుకున్నానో."

"నేను సుత మిమ్మల్ని దొంగ అనుకున్న. కాకపోతే, నేను అనుకున్నది నిజమైంది."

శేషారత్నం గారు తల దించుకున్నారు. "నిజమే" అన్నారు. తర్వాత మెల్లగా, "తల్లికి మంత్రాలన్నీ పోయి, పిల్ల ఆవిడకి అన్నం తినిపించే ఘట్టం మాత్రం నేను కల్పించిందే. మా అమ్మ మంచాన పడ్డప్పటి సంగతి."

"ఔ, అది నాది కాదు. గాడ నేను గీత పెట్టలే" అంది నళిని టీచర్. "మరి పిన్ని?"

"సినిమావాళ్లు పెట్టారు. నీ గురించి ఏవో కబుర్లు చెప్పాను, వాళ్లు అలా చేస్తారనుకోలేదు."

ఆ మాట నళిని టీచర్ నమ్మలేదని నాకు తెలిసిపోయింది. నేనూ పూర్తిగా నమ్మలేదు. సినిమా తన చేతిలో లేదనీ, పుస్తకం మళ్లీ వేసేటప్పుడు మాత్రం పేరు సరిచేయిస్తాననీ శేషారత్నం గారు అన్నారు. నళిని టీచర్ అక్కడే, నా పెన్నుతో, ఆ మాట రాయించి సంతకం పెట్టించుకుంది. తర్వాతే ఆమెను ఇంటికి భోజనానికి పిలిచింది.

1976లో రెండో ముద్రణ వచ్చింది. 'కథ: నళిని. రచన: శేషారత్నం.' నళిని టీచర్ దుకాణంలో ఉన్న పదకొండు కాపీలనూ తెరిచి చూసింది, అన్నిట్లోనూ పేరుందో, తనకు పంపిన ఒక్కదాంట్లోనే అచ్చువేశారో అని. అన్నిట్లోనూ ఉంది.

ఆ తర్వాత శేషారత్నం గారు ఏడాదికోసారి వచ్చి రెండు రోజులు ఉండి వెళ్లేవారు. ఇద్దరూ పప్పు రుచి మీద, పిల్లల చదువుల మీద వాదించుకునేవారు. చిటికి మాట ఎవరూ ఎత్తేవారు కాదు. మళ్లీ 'అక్కా' అని పిలవడానికి నళిని టీచర్‌కు మూడేళ్లు పట్టింది. ఈలోపు నా దగ్గర కూర్చుని ఒత్తులూ దీర్ఘాలూ నేర్చుకుని, ఇంకో కథ తన చేత్తోనే రాసుకుంది. అది చూపించమని ఎన్నోసార్లు అడిగాను.

"అయిపోనియ్" అనేది, బీరువాకు తాళం వేస్తూ.