ఏ మందు ఇచ్చారో డాక్టరుకూ తెలియదు

ఈ రోజు, ఈ హిందీ ఊళ్లో మేముండే తోర్వా పేట నుంచి మా పెద్దమ్మను స్కూటీ మీద ఆసుపత్రికి తీసుకెళ్లాను. కిడ్నీ ఇన్ఫెక్షన్‌తో చలిజ్వరం వచ్చినప్పుడు, ఆమె అక్కడే ఒక కొత్త యాంటీబయాటిక్ ఎలా పనిచేస్తుందో చూసే పరీక్షలో చేరింది. కొందరికి కొత్త మందు, కొందరికి పాత మందు ఇస్తారు. ఇన్ఫెక్షన్ పూర్తిగా పోయిందని తెలుగు డాక్టరమ్మ చెప్పగానే పెద్దమ్మ అడిగింది.

“అచ్ఛా, నాకిచ్చింది ఏటి మందమ్మా?”

“నాకూ తెలీదండీ. తెలిస్తే నా మనసు కొత్తదానివైపే మొగ్గుతుంది. అందరి ఫలితాలూ వచ్చాకే ఎవరికేది ఇచ్చారో విప్పి చూస్తారు.”

నేను నోరెళ్లబెట్టాను. పెద్దమ్మ నవ్వేసింది.

“పాతదైనా పరవానేదు. నాకేటైందో రాసుకున్నారు కదా, రేపొచ్చినోళ్లకి అదే పనికొస్తాది.”

ఇన్నాళ్లూ నేను మింగిన బిళ్లల వెనక ఇలాంటి పెద్దమ్మలు ఎందరున్నారో అనిపించి ఒళ్లు పులకరించింది. తలనొప్పి బిళ్లకే పేరు రెండుసార్లు చూసుకునే నేనైతే ఇలాంటి పరీక్షకు ఒప్పుకునేవాణ్ని కాదేమో. మరి మీరు?