జనవరి మంచిదని నేనే చెప్పాను

నేను అక్షరాలు నేర్చుకున్నది యాభై రెండో ఏట. హట్టి బంగారు గనిలో పనిచేసి మావారు రిటైరైన ఏడాది అది. ఆయన స్నేహితులు రెండు జట్లుగా శ్రీలంక యాత్ర పెట్టుకున్నారు, ఒకటి జూన్‌లో, ఇంకొకటి జనవరిలో. ఆయనకు చదువు రాదు కనుక యాత్రవాళ్ళ కాగితం నాకే ఇచ్చారు. జూన్‌లో అక్కడ వానలని, జనవరి మంచి కాలమని కూడబలుక్కుని చదివాను.

"జూన్లనే పోదాం. సముద్రం మీద వాన చూడాలె. ఇన్నేండ్లు ఊర్ల వాన పడితే నేను భూమి కింద ఉంటి," అన్నారు.

"పైసలు పెట్టి తడిసెటందుకు పోతరా? కాయితంల ఏముందో నాకెరుకా, మీకెరుకా?" అన్నాను.

ఆయన నవ్వి, "చదువుకున్నదానివి, నీ మాటనే కానీ," అన్నారు. జనవరి జట్టులో మా ఇద్దరి పేర్లు నేనే రాశాను.

జూలైలో మొదటి జట్టువాళ్ళు మా ఇంటికి వచ్చి, నాలుగు రోజులూ వానేనని విసుక్కున్నారు.

"చూసిండ్రా, నేను చెప్పలేదా?" అన్నాను గొప్పగా.

ఆయన వాళ్ళ దగ్గరికి జరిగి, "సముద్రంల వాన పడితే సప్పుడైతదా?" అని అడిగారు. ఎవరూ గమనించలేదట.

దసరాకు ముందే గుండెపోటుతో ఆయన పోయారు. కాగితంలో తప్పు లేదు, నేను చదవడంలోనూ తప్పు లేదు. ఆయన కోరింది వాననేనని తెలిసి కూడా, వాన లేని నెల ఎంచాను.