చల్లటి చాయ్ మీద పడ్డ నింద

మా వదినె హైదరాబాదు పిల్ల. వాళ్ల నాయన ఒక నవాబు దేవిడీలో వంట చేసేవాడు. పోలీసు యాక్షన్ తర్వాత ఆ దేవిడీ చితికిపోయింది. ఆయన బిడ్డకు ఇచ్చింది చేతి వంట ఒక్కటే. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన ఒకటి రెండేళ్లకు ఆమె మా అన్నను చేసుకొని లక్సెట్టిపేటకు వచ్చింది. అప్పటికి ఆడబిడ్డనైన నాకు పదకొండేళ్లు. అమ్మను అవ్వ అని, నాన్నను బాపు అని పిలిచేవాళ్లం.

అన్న మంచిర్యాలలో కర్ర డిపోలో గుమాస్తా. పొద్దున బస్సుకు పోయి పొద్దుగూకేముందు వచ్చేవాడు. ఎండలు ముదిరాక ఎప్పుడన్నా ఐసుగడ్డ తెచ్చేవాడు. గోనెసంచిలో డిపోలోని రంపపు పొట్టు దట్టంగా పోసి, మధ్యలో గడ్డను పెట్టి కట్టేవాడు. అయినా ఇల్లు చేరేసరికి సగం కరిగిపోయేది. దాంతోపాటు నాగపూరు రైల్లో దిగిన సంత్రా పండ్లు నాలుగు.

ఆ రోజు వదినె మొహం చూడాలి. పొయ్యి మీద నీళ్లు తెర్లంగానే దింపి, చాయ్‌పత్తి వేసి మూతపెట్టేది. పత్తి పొయ్యి మీద ఉడికితే చేదెక్కుతుందట. పలుచటి బట్టలో వడగట్టి, వేడి మీదనే చక్కెర కలిపేది. పులుపు తగిలితే ఇత్తడి చిలుమెక్కుతుందని, మామిడికాయ తొక్కు పెట్టే జాడీని బూడిదతో రెండు మార్లు తోమి అందులో పోసేది. చల్లారాక నిమ్మకాయ పిండి, సంత్రా తొనల పొర తీసి, గింజలు ఏరి వేసేది. అంగూర్లు దొరికితే రెండుగా చీరి వేసేది. చివరికి గోనెసంచి మీద రోకలితో కొట్టిన ఐసు. పాలులేని ఆ ఎర్రటి చాయ్‌ని మొదటిసారి చూసి మా అవ్వ, "గిదేం చాయ్? కషాయం లెక్కుంది" అని మొహం తిప్పుకుంది. బాపు మాత్రం రెండు గ్లాసులు తాగాడు.

మరుసటి ఏడు ఎండకాలానికి వదినె కడుపుతో ఉంది. ఏడో నెల. అన్న ఐసు తెచ్చిన సాయంత్రం అవ్వ ముందే చెప్పింది.

"చేస్తె చెయ్యి గని నువ్వు నోట్లె పెట్టకు పిల్లా. కడుపుల పిల్లకు సల్లదనం తాకుతది."

"పెట్ట అత్తమ్మ" అంది వదినె. చక్కెర సరిపోయిందో లేదో కూడా నన్నే చూడమంది. అందరికీ పోసి, తాను మట్టి రంజన్‌లో నీళ్లు ముంచుకొని తాగింది.

జాడీ అడుగున ఒక గ్లాసెడు మిగిలింది. అది బయటికి పోయిన బాపుకు తీసిపెట్టింది. అందరూ వాకిట్లోకి పోగానే నేను లోపలి అర్రలోకి దూరి, ఆ గ్లాసు తీసుకొని, వదినె చాప మీద కూర్చొని తాగేశాను. అడుగున అతుక్కున్న తొనలను వేలితో తీసుకొని తిన్నాను. అవ్వ పిలిస్తే ఉలిక్కిపడి, గ్లాసు చాప పక్కనే వదిలి బయటికి ఉరికాను.

పదిరోజులు కాలేదు. వదినెకు నొప్పులు మొదలైనాయి. మంత్రసాని వచ్చింది. మధ్యాహ్నానికి మగపిల్లవాడు పుట్టాడు. ఏడవలేదు. బాపు, అన్న పాత చీర ముక్కలో చుట్టుకొని గోదారి దిక్కు పోయి, ఉత్త చేతులతో వచ్చారు.

మూడోనాడు ఇంటికొచ్చిన ఆడవాళ్ల ముందర అవ్వ అన్నది.

"నేను వద్దన్న. ఇన్నదా? గా ఐసు చాయ్ తాగింది. చాప పక్కన గ్లాసు నేనే సూసిన."

గోడకు ఒరిగి కూర్చున్న వదినె తలెత్తింది. "నేను తాగలే అత్తమ్మ."

"మరి గ్లాసు కాళ్లొచ్చి నడిసొచ్చిందా?"

వదినె నా వైపు చూసింది. కోపంగా కాదు, అడుగుతున్నట్టు. నేను గడప మీద కూర్చొని ఉన్నాను. నోరు తెరిస్తే అవ్వ వీపు విమానం మోత మోగిస్తుందన్న భయమే తప్ప వేరే ఆలోచన రాలేదు. కాళ్ల వేళ్లు చూసుకుంటూ ఉండిపోయాను.

ఆ మాట వాడంతా పాకింది. పెండ్లిళ్లలో, పేరంటాలలో మా వదినె "ఐసు చాయ్ తాగి పిల్లగాన్ని పోగొట్టుకున్నామె" అయింది. మళ్లీ ఆమెకు కడుపు పండలేదు. అన్న ఐసు తేవడం మానేశాడు. ఇంట్లో ఎండకాలం మజ్జిగ, అంబలి, అంతే. వదినె ఎవరితోనూ కొట్లాడలేదు. పని చేసేది, తినేది, పడుకునేది. నాతో మునుపటిలాగే మాట్లాడేది. అదే నాకు ఎక్కువ బాధ.

కొన్నేళ్లకు నాకు హుస్నాబాద్ సంబంధం కుదిరింది. నా తొలి బిడ్డ పుట్టే ముందే అవ్వ చనిపోయింది. బిడ్డకు మూడు నెలలున్నప్పుడు వదినె చూడవచ్చింది. పిల్లను ఒళ్లో వేసుకొని నూనె రాస్తోంది. అది చూస్తూ తట్టుకోలేక చెప్పేశాను.

"వదినె, గా దినం గ్లాసు తాగింది నేను."

ఆమె చేయి ఆగలేదు. "నాకెరుకే చెల్లె. నీ అంగి మీద సంత్రా మరక ఉండె."

"మరి నువ్వెందుకు చెప్పలే?"

"చెప్తే ఎవరు నమ్ముదురు? ఆడబిడ్డ మీద నెడుతున్నదని ఇంకో మాట పడేదాన్ని. నువ్వే చెప్తవని మూడు దినాలు సూసిన. తర్వాత సూసుడు బందు వెట్టిన." పిల్లను బోర్లా తిప్పి అంది. "మీ అవ్వ ఉన్నప్పుడు చెప్పేదుండె. ఆమె నన్ను తిట్టుకుంటనే పోయె."

ఏడ్చాను. ఆమె ఊరుకోమనలేదు, దగ్గరికి తీసుకోలేదు.

ఆ ఏడే అవ్వ ఏడాదిమాసికానికి లక్సెట్టిపేటకు పోయినప్పుడు, భోజనాలయ్యాక చుట్టాలందరి ముందు ఆ సంగతి చెప్పాను. ఏదీ దాచకుండా పూర్తిగా చెప్పాను. ఒక ముసలామె "ఇప్పుడెందుకే గవన్నీ" అని వక్క నోట్లో వేసుకుంది. మిగిలినవాళ్లు బస్సు వేళ గురించి మాట్లాడుకున్నారు. అన్న ఒక్కడే నా దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"ఆమె తాగలేదని నాకెప్పుడూ తెలుసు" అన్నాడు.

"మరి అవ్వకు ఒక్కమాట చెప్పకపోతివా?"

అన్న భుజం మీది తువ్వాలు తీసి మొహం తుడుచుకొని, వాకిట్లో విస్తరాకులు ఎత్తుతున్న వదినె దగ్గరికి పోయాడు. ఆమె చేతిలోంచి గంప అందుకోబోయాడు. వదినె ఇవ్వలేదు. తానే ఎత్తుకొని పెంటకుప్ప దిక్కు నడిచింది.