దుర్గ పూయనివ్వని రెల్లు

మా తోడికోడలు వెంకటదుర్గ పుట్టిల్లు గోదారి మధ్య లంకలో. తొంభై రెండులో ఐనవిల్లికి కాపురానికొచ్చింది. వచ్చిన ఏడే లంక నుంచి రెల్లు దుబ్బు తడిగోనెలో చుట్టి తెచ్చి, చేతిపంపు పక్కన ఎప్పుడూ చెమ్మగా ఉండే మూల నాటింది. అరటి నాటవే తల్లీ అని మొత్తుకున్నాను, చెవిన వేసుకుంటేగా! ఏటా వేసవికి ముందు మొదలంటా కోసేది, వేళ్ళు పాకకుండా చుట్టూ పెంకులు పాతేది. ఆశ్వయుజం వచ్చేసరికి మనిషిని మించిన ఎత్తున తెల్లటి కుచ్చులు ఊగేవి. పైకి విసుక్కునేదాన్నే గానీ, బాగుండేవి.

2006 వరదకి దుర్గ తండ్రి గంగయ్యగారిని పడవలో మా ఇంటికి తెచ్చారు. వరద తీశాక తెలిసింది, ఆయన ఇల్లూ, పెరడూ, కింది నేలా అన్నీ ఏట్లో కలిసిపోయాయని. ఆ మాట చెప్పడానికి దుర్గకి నోరు రాలేదు.

ముసలాయన ఒకచోట నిలిస్తేనా! కాలుగాలిన పిల్లిలా అరుగుకీ గేటుకీ తిరిగేవారు. లంకవాళ్ళదొక లెక్క: రెల్లు పూసిందంటే ఇక వరద రాదు, ఇళ్ళకి వెళ్ళిపోవచ్చు. అందుకని లేస్తూనే అడిగేవారు.

"రెల్లు పూసిందా అమ్మా?"

"ఇంకా లేదు నాన్నా."

పూయనిస్తేగా! ఆయన లేవకముందే దుర్గ కొడవలి పట్టుకుని, పొట్టకొచ్చిన ప్రతి కాడా కోసి గేదె ముందు పడేసేది.

"ఎన్నాళ్ళే ఈ నాటకం? చెప్పేసెయ్," అని కసిరాను.

"నా వల్ల కాదక్కా," అని ఏడ్చింది. చేతులనిండా ఆకు కోసిన గీతలు. ఏ పూట ఎవరు నోరు జారతారోనని నాకూ అన్నం సయించేది కాదు.

ఒకరోజు గోడవైపు వంగిన కాడొకటి దుర్గ కంటపడలేదు. ఎండెక్కేసరికి విచ్చుకుంది. గంగయ్యగారు బట్టల మూట చంకన పెట్టుకుని వచ్చారు.

"పూసిందమ్మాయ్. వెళ్ళొస్తాను."

"ఆయ్, కూర్చోండి బాబాయిగారూ, కాఫీ తాగి వెళ్దురుగాని," అన్నాను.

దుర్గ పంపు దగ్గర నుంచి లేచి వచ్చింది. "ఎక్కడికి నాన్నా? ఇల్లు లేదు. నేలా లేదు. అంతా గోదారి కోసేసింది."

ఆయన మూట దించలేదు. ఆ ఒక్క కుచ్చునీ చూశారు. వంగి, కోసేసిన మోళ్ళు తడిమారు.

"అయితే అక్కడి రెల్లూ పోయుంటుంది," అన్నారు. "ఇల్లంటే గోదారి కోసింది. దీన్ని నువ్వెందుకు కోసేవే?"