లేత్‌కు కొత్త టూల్ హోల్డర్

కళ్యాణదుర్గంలో మా ఇంటి ముందుగదిలో మా ఆయనకు చిన్న లేత్ మిషను ఉంది. వేరుశనక్కాయల మిషన్లకు పిన్నులు, బోరు మోటార్లకు బుష్షులు చేస్తాడు. లేత్‌లో కోసే టూలు మొన, తిరిగే ఇనుము నడిమధ్యకు సరిగ్గా ఎదురుగా ఉండాలి. పాత హోల్డర్‌లో ఆ ఎత్తు రావాలంటే టూలు కింద రేకుముక్కలు పేర్చాలి. వాటికోసం ఆయన నా పౌడరు డబ్బా కత్తిరించాడు. మరునాడే ఆయన్ను అనంతపురం బస్సెక్కించి, నేనూ ఎక్కాను.

అంగడిలో రెండు సైజుల హోల్డర్లు చూపించారు. మర తిప్పితే చాలు, టూలు పైకీ కిందికీ జరుగుతుంది. మా ఆయన చూపు పెద్దదాని మీదే నిలిచింది.

"మీ మిషన్లో హోల్డర్ కూర్చునే పీట నుంచి సెంటరు దాకా ఎత్తు ఎంతుండాదన్నా?" అని అంగడాయన అడిగాడు.

మా ఆయన నా వైపు చూశాడు, అదేదో వంటింటి సంగతైనట్టు. కొలత తెచ్చుకోలేదు.

ఇంట్లో మా అత్త ఒక్కతే ఉంది. వీడియో కాల్ చేసి ఎక్కడ కొలవాలో చెప్పాం. ఆమె చీపురుపుల్లను ఆ ఎత్తుకు తుంచి ఫోనుకు చూపించింది.

"ఇంత ఉండాది రా."

ఆ పుల్ల ఒకసారి అగరుబత్తిలా, ఒకసారి కరెంటు స్తంభంలా కనిపించింది.

"ఇంతంటే ఎంతమ్మా?" అన్నాడు మా ఆయన.

"ఇంతంటే ఇంతే. కండ్లు కనపడలేదా నీకు?"

అంగడాయన ఫోను అందుకున్నాడు. "అవ్వా, పక్కన అగ్గిపెట్టె పెట్టి చూడు."

"దాని వెడల్పు కంటే రవ్వంత తక్కువుండాది నాయనా," అంది అత్త.

అంగడాయన తన జేబులోని అగ్గిపెట్టెను, దాని వెడల్పే ఎత్తయ్యేలా, రెండు హోల్డర్ల పక్కనా నిలబెట్టాడు. పెద్దదాన్ని పూర్తిగా దించినా టూలు మొన అగ్గిపెట్టెకు పైనే ఉండిపోయింది.

"ఇది కొంటే నీ టూలు ఇనుమును కొయ్యదన్నా, పైనుంచి చూస్తాంటాది. చిన్నదే తీసుకో."

మా ఆయన పెద్దదాన్ని ఇంకోసారి నిమిరి, చిన్నదే తీసుకున్నాడు. బస్సులో దారంతా ఒళ్ళోనే పెట్టుకున్నాడు.

ఇంటికొచ్చి బిగిస్తే కొలిచినట్టు కుదిరింది. ఇక ఆయన్ను పట్టలేకపోయాం. ఒక టూలు తీస్తాడు, ఇంకొకటి తగిలిస్తాడు, హోల్డర్ పిడి లాగి బిగిస్తాడు, మళ్ళీ తీస్తాడు. విరిగిన పిన్ను పట్టుకుని వచ్చిన రైతు గడపలో కూర్చుని కాసేపు చూశాడు.

"ఏమప్పా, నీ ఆట అయినంక నా పని చూస్తావా?"

మా ఆయన సిగ్గుపడి పిన్ను అందుకున్నాడు. అత్త మాత్రం ఆ పిడి తనూ ఒకసారి లాగి చూసి, "బాగుండాది," అని లోపలికి పోయింది.