వెచ్చని పక్క

దయ్యాల మాటెత్తితే నవ్వేదాన్ని నేను. ఏలూరులో ఇంజినీరింగ్ చదివేటప్పుడు చీకటి పడితే హాస్టల్ మేడ మీదికి వెళ్లడానికి అందరూ జంకేవాళ్లు. నేనే వెళ్లి అందరి బట్టలూ తెచ్చేదాన్ని. ఇప్పటికీ దయ్యాలున్నాయని అనను. జరిగింది జరిగినట్టు రాస్తాను, అంతే.

కెనడాలోని బ్రాంప్టన్‌లో ఒక బేస్‌మెంట్‌లో ఆరుగురు ఆడపిల్లలం ఉండేవాళ్లం. మంచాలు ఐదే పట్టాయి. అందుకని నేనూ, జగిత్యాల నుంచి వచ్చిన స్రవంతీ ఒకే మంచం పంచుకున్నాం. నాది వేర్‌హౌస్‌లో నైట్ షిఫ్ట్, తనది కాఫీ షాపులో పగటి పని. పొద్దున నేను వచ్చేసరికి తను అప్పుడే లేచి వెళ్లేది. తను పడుకున్న చోటు ఇంకా వెచ్చగా ఉండగానే నేను వాలిపోయేదాన్ని. నాలుగు గంటలు నిద్ర, మళ్లీ కాలేజీ.

ఇద్దరికీ ఒకే రోజు సెలవొస్తే చెరోవైపు తలపెట్టుకుని పడుకునేవాళ్లం. తన పాదాలు నా భుజం దగ్గరికి వచ్చేవి. చలికాలంలో అవి మంచుగడ్డలే. తిట్టుకుంటూనే నా దుప్పటి కొస వాటి మీద కప్పేదాన్ని.

ఆకలి రుచెరుగదు, నిద్ర సుఖమెరుగదు అంటారు. సుఖం సంగతి దేవుడెరుగు, నాకు నిద్రే లేదు. చివరి సెమిస్టర్ ఆఖరి పరీక్షలో ప్రశ్నపత్రం మీదే తల వాల్చి నిద్రపోయాను. ప్రొఫెసర్ జాలిపడి ఇంకొక్క అవకాశం ఇచ్చారు. సోమవారం మళ్లీ రాయాలి. అది పోతే కోర్సు పూర్తి కాదు, వర్క్ పర్మిట్ రాదు, పెట్టె సర్దుకోవడమే.

"చదివింది చాలు తియ్యవే. నీకు నిద్ర కావాలె. రెండు రోజులు ఎవ్వరు లేపని కాడ మంచిగ పండుకో" అంది స్రవంతి. బస్సులో గంట దూరంలో ఉన్న గ్వెల్ఫ్‌లో ఒక చిన్న హోటల్ తనే బుక్ చేసింది. శనివారం డ్యూటీ దిగి నేను ముందు వెళ్లేట్టు, సాయంత్రం తను వచ్చేట్టు అనుకున్నాం. తను వస్తే ఇవ్వమని గది తలుపు తెరిచే రెండో కార్డు రిసెప్షన్‌లో ఉంచాను.

ఆ ఊళ్లో ఇంగ్లీషువాళ్లు కట్టిన రాతి భవనాలు ఇంకా ఉన్నాయి. హోటలూ అలాంటిదే. లిఫ్ట్ లేదు, చెక్క మెట్లు. గది చేతికొచ్చేసరికి మధ్యాహ్నం మూడైంది. బొటీక్ హోటల్ అంటే ఏమిటో అప్పుడే చూశాను. గదికో రంగు, గోడలకు పాతకాలపు దొరసానుల బొమ్మలు, ఎత్తైన మంచం, నాలుగు దిండ్లు. నాలుగూ తలవైపే ఉన్నాయి. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

పడుకున్నాను. నిద్ర రాదే! పక్క చల్లగా ఉంది. ఇంత మెత్తని పరుపు మీద, చల్లగా ఉందని నిద్ర పట్టకపోవడం చూసి నాకే నవ్వొచ్చింది. అదృష్టం తలుపు తడితే ఇంట్లో లేనట్టుంది నా పని. లేచి, తలుపు వేసుకుని, కిందికెళ్లి టీ తాగాను. అరగంట పట్టి ఉంటుంది.

తిరిగొచ్చి దుప్పటి ఎత్తి పడుకుంటే కిటికీ వైపు సగం వెచ్చగా ఉంది. నాకేమీ అనిపించలేదు. ఎనిమిది నెలలుగా రోజూ అలాంటి పక్క మీదే కదా పడుకున్నది! ఎవరు పడుకుని లేచారన్న ఆలోచనే రాలేదు. ఆ వెచ్చని చోట ఒదిగి కళ్లు మూశాను. కెనడా వచ్చాక అంత గాఢంగా నిద్రపోయింది అప్పుడే.

మెలకువ వచ్చేసరికి బయట మంచు పడుతోంది, వెలుగు తగ్గింది. నా కాళ్ల వైపు పరుపు కుంగి ఉంది. భుజానికి రెండు చల్లని పాదాలు తగిలాయి.

"వచ్చావా? ఏంటే ఇంత చల్లగా ఉన్నాయి" అని కళ్లు తెరవకుండానే కొంచెం జరిగాను. దుప్పటి కొస లాగి వాటి మీద కప్పాను. బదులుగా ఒక నిట్టూర్పు వినిపించింది. హాయిగా ఉన్నప్పుడు వచ్చే నిట్టూర్పు.

అప్పుడు ఫోన్ మోగింది.

"లావణ్యా, ఏమనుకోకే. మంచు దంచికొడుతుంది, బస్సు క్యాన్సలయింది. ఇంకా బ్రాంప్టన్‌లనే ఉన్న. రేపు పొద్దుగాల వస్త" అంది స్రవంతి.

 నా ఎడమ చేయి ఇంకా ఆ దుప్పటి కొస మీదే ఉంది. దాని కింద ఆ పాదాలు మెల్లగా ముడుచుకున్నాయి.

ఎలా లేచానో, తలుపెలా తీశానో తెలియదు. సాక్స్‌తోనే మెట్లు దిగి పరుగెత్తాను. రిసెప్షన్‌లో ఉన్న పెద్దావిడ డ్రాయర్ తీసి చూపించింది. రెండో కార్డు అందులోనే ఉంది. నాతో పైకి వచ్చింది. గదిలో ఎవరూ లేరు. కానీ దిండ్లు తలవైపు మూడే ఉన్నాయి. నాలుగోది నా కాళ్ల వైపు ఉంది, మధ్యలో తల ఆనినంత గుంటతో. ఆవిడ అక్కడ పరుపు మీద చేయి పెట్టి చటుక్కున తీసేసింది.  వేరే గది ఇస్తానంది. నేను ఒప్పుకోలేదు. మర్నాడు స్రవంతి వచ్చేదాకా కింద సోఫాలోనే కూర్చున్నాను.

పరీక్ష పాసయ్యాను. ఆదివారమంతా కునుకు పడలేదు. అయినా సోమవారం బుర్ర కడిగినంత స్పష్టంగా ఉంది. ఆ గదిలో నిద్రపోయిన గంటన్నరే నన్ను గట్టెక్కించిందని ఒప్పుకోవడానికి ఇప్పటికీ భయంగా ఉంటుంది.

ఇప్పుడు హామిల్టన్‌లో ఒక ఆస్పత్రిలో నైట్ డ్యూటీ చేస్తున్నాను. స్రవంతి పెళ్లి చేసుకుని కాల్గరీ వెళ్లిపోయింది. నాకు సొంత గది, సొంత మంచం ఉన్నాయి. తాళం నా దగ్గర తప్ప ఇంకెవరి దగ్గరా లేదు. పడుకునే ముందు పరుపు మీద చేయి పెట్టి చూడటం అలవాటైంది. ఎప్పుడూ చల్లగానే ఉండేది. అందుకే సరిగా నిద్ర పట్టేది కాదు.

పోయిన నెల వరుసగా నాలుగు డ్యూటీలు చేసి పొద్దున్నే ఇంటికొచ్చాను. చేయి పెట్టాను. వెచ్చగా ఉంది. ఒక దిండు కాళ్ల వైపు ఉంది.

 పారిపోదామని తలుపు దాకా వెళ్లాను కూడా. ఎందుకు వెనక్కి తిరిగానో ఎంత ఆలోచించినా నాకు అర్థం కావడం లేదు. కళ్లు మూతలు పడుతున్నాయి. వచ్చి, కిటికీ వైపు చోటు వదిలి, గోడకు జరిగి పడుకున్నాను. దుప్పటి కొస అటువైపు కప్పాను.